విసెరా రిపోర్టులో మత్తుమందు వచ్చింది, కేసు నిలబడుతుందా?

ప్రశ్న: మాది వికారాబాద్ జిల్లా. మా తమ్ముడికి 34 ఏళ్లు, తాపీ మేస్త్రీ. గత ఏడాది ఒక ఆదివారం సాయంత్రం కల్లు కంపౌండు దగ్గర కూలి డబ్బుల కోసం గొడవైంది. ఇద్దరు కర్రతో కొట్టారు. రాత్రి ఎనిమిదిన్నరకు తనే నడిచి ఇంటికొచ్చాడు. కొట్టినవాళ్ల పేర్లు నాకు చెప్పాడు. తల నొప్పిగా ఉందన్నాడు, ఒకసారి వాంతి చేసుకుని పడుకున్నాడు. కల్లు మత్తు అనుకున్నాం. గురక వినిపిస్తుంటే మంచి నిద్రలో ఉన్నాడనుకున్నాం. తెల్లవారుజామున ఎంత లేపినా లేవలేదు. ఆసుపత్రిలో ఉదయం తొమ్మిదికి ప్రాణం పోయింది. పోస్టుమార్టంలో కుడి కణత ఎముక చిట్లిందని, లోపల రక్తం గడ్డకట్టిందని రాశారు. ఇప్పుడు ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) నుంచి వచ్చిన విసెరా రిపోర్టులో, అంటే శవం లోపలి భాగాలను పరీక్షించి ఇచ్చే రిపోర్టులో, ఆల్కహాలు, ఆల్ప్రాజోలం అనే మత్తుమందు ఉన్నాయట. ‘మత్తుమందు తాగి చచ్చాడు, కేసు నిలబడదు, రాజీకి రండి’ అని ముద్దాయిల మనుషులు తిరుగుతున్నారు. పైగా నేను పరువు పోతుందని పోలీసులకు ‘మా తమ్ముడు తాగడు’ అని చెప్పాను. ఇప్పుడేం చేయాలి? అమ్మ, మరదలు, ఇద్దరు పిల్లలు ఉన్నారు.
– ఒక అక్క

సమాధానం: అమ్మా, ముందు మిమ్మల్ని లోపల తినేస్తున్న మాట గురించి చెబుతాం. మీ ఉత్తరంలో ‘కల్లు మత్తు అనుకున్నాం’ అన్నచోటే మీ బాధంతా ఉంది. కణత దగ్గర ఎముక చిట్లితే దాని కిందుగా పోయే రక్తనాళం తెగి, పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం నెమ్మదిగా చేరుతుంది. అది మెదడును నొక్కే దాకా మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, పేర్లు చెబుతాడు. తరువాత తలనొప్పి, వాంతి, మగత, గురక. కల్లు వాసన వస్తున్న మనిషిలో ఇవి కనిపిస్తే ఆసుపత్రుల్లో అనుభవమున్న వాళ్లు కూడా మత్తేననుకుని పొరబడుతుంటారు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 100వ సెక్షన్ రెండో వివరణ సరిగ్గా ఇలాంటి పరిస్థితి కోసమే ఉంది. సరైన వైద్యం అంది ఉంటే బతికేవాడేమో అన్నంత మాత్రాన కొట్టినవాడి బాధ్యత తప్పదు, ఆ చావుకు అతనే కారకుడని చట్టం అంటుంది. ‘ఇంట్లోవాళ్లు రాత్రంతా పడుకోబెట్టారు’ అని క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు, మిమ్మల్ని గుచ్చుతారు. నిజమే, పడుకోబెట్టాం అని చెప్పండి. దాంతో కేసు పోదు.

రాజీ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. హత్య, హత్య కాని నరహత్య నేరాలు చట్టప్రకారం రాజీ పడదగ్గవి కావు. కోర్టు బయట మీరేం కాగితం రాసిచ్చినా కేసు మూతపడదు. మీ సాక్ష్యం మాత్రం బలహీనపడుతుంది, వాళ్లకు కావలసిందీ అదే.

ఇక రిపోర్టు. అందులో ఏం రాశారో ఒక్కో మాటా చూడండి. విసెరా రిపోర్టుల్లో సాధారణంగా ‘ఇథైల్ ఆల్కహాల్, ఆల్ప్రాజోలం కనుగొనబడినవి’ అని ఉంటుంది, ఎంత అన్న అంకె ఉండదు. అంకె లేకపోతే ఆ మందు ఒంట్లో ఉందని మాత్రమే తెలుస్తుంది. మనిషి ఏ స్థితిలో ఉన్నాడో, దేనివల్ల పోయాడో ఆ మాటతో తేలదు. ఒంట్లోంచి ఆల్కహాలు గంటకు సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున, అంటే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తానికి, తగ్గిపోతుంది. మీ తమ్ముడు రాత్రి ఎనిమిదికి తాగడం ఆపాడనుకుంటే చనిపోయేసరికి పదమూడు గంటలు. ఆ లెక్కన సుమారు 200 నుంచి 260 మిల్లీగ్రాములు కరిగిపోవాలి. అయినా మిగిలిందంటే చాలా ఎక్కువ తాగి ఉండొచ్చు, లేదా తరువాత పుట్టి ఉండొచ్చు. ఈ రెండోది చాలామందికి తెలియదు. శవం కుళ్లడం మొదలైతే సూక్ష్మజీవులే ఆల్కహాలును తయారుచేస్తాయి. రక్తం సీసాలో అది చెడకుండా ఆపే సోడియం ఫ్లోరైడ్ కలపకపోతే సీసాలో కూడా అదే జరుగుతుంది. అందుకే చావుకూ పోస్టుమార్టానికీ మధ్య ఎన్ని గంటలు గడిచాయి, శవాన్ని ఫ్రీజర్‌లో పెట్టారా, రక్తం తొడ నాళం నుంచి తీశారా గుండె నుంచి తీశారా, సీసాలో ఏం కలిపారు, ఎఫ్‌ఎస్‌ఎల్‌కు ఎన్ని రోజులకు చేరింది, సీళ్లు సరిగా ఉన్నాయా అన్నవి అడిగించాలి. చనిపోయాక కొన్ని మందులు కాలేయం, ఊపిరితిత్తుల నుంచి గుండెలోని రక్తంలోకి ఊరతాయి. అక్కడ తీసిన రక్తంలో అంకె ఎక్కువ చూపించవచ్చు.

ఆల్ప్రాజోలం మాట తెలంగాణలో కొత్తేమీ కాదు. చెట్టు నుంచి దిగే కల్లు చాలక, నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, ఆల్ప్రాజోలం లాంటివి కలిపి అమ్మడం మీద ఎక్సైజు వాళ్లు ఏళ్ల తరబడి కేసులు పెడుతూనే ఉన్నారు. కల్లు అనుకుని తాగినవాడి ఒంట్లో ఈ మందు దొరకడం అతని నేరం కాదు. అమ్మినవాడి మీద అది వేరే కేసు. ఆల్ప్రాజోలం మాదకద్రవ్యాల చట్టం కిందికొచ్చే పదార్థం. ఆ కేసును మీ కేసుతో కలిపేయనివ్వకండి. ఇంకొకటి, ఆసుపత్రిలో కేస్ షీటు తెప్పించి చూడాలి. ఫిట్స్ వచ్చినా, గొట్టం వేయాల్సి వచ్చినా మిడజోలం, లోరజెపాం వంటి ఇంజక్షన్లు ఇస్తారు. ఇవన్నీ ఆల్ప్రాజోలం కుటుంబం మందులే. ప్రాథమిక పరీక్ష ఆ కుటుంబాన్ని మాత్రమే గుర్తిస్తుంది, ఏ మందో విడదీసి చెప్పేది జీసీ–ఎంఎస్, ఎల్‌సీ–ఎంఎస్ లాంటి నిర్ధారణ పరీక్ష. రిపోర్టులో ఏ పద్ధతి వాడారో రాసి ఉంటుంది.

వాళ్ల వాదనలో అసలు బలమే లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టం. ఆల్కహాలుతో ఈ మందు కలిస్తే శ్వాస ఆగిపోవచ్చు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి ప్రాణాలు పోయాయి కూడా. అయితే అలా పోయినవాడి కణత ఎముక చిట్లదు. పోస్టుమార్టం రిపోర్టులో గడ్డ పరిమాణం ఎంత రాశారో చూడండి. పుర్రె లోపల, మెదడు పైపొర వెలుపల 100 మిల్లీలీటర్ల దాకా రక్తం చేరితే ప్రాణాంతకమని వైద్య న్యాయశాస్త్రం చెబుతుంది. మెదడు ఒక పక్కకు ఒరిగిందని, నొక్కుకుపోయిందని రాసి ఉంటే చావుకు దారి కళ్లముందే ఉన్నట్టు.

ఇలాంటి వాదన ప్రపంచమంతా చూసిన ఒక విచారణలో జరిగింది. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు అధికారి డెరెక్ షావిన్ తొమ్మిదిన్నర నిమిషాల పాటు మోకాలు నొక్కి పెట్టాడు. ఫ్లాయిడ్ రక్తంలో మిల్లీలీటరుకు 11 నానోగ్రాముల ఫెంటనిల్, 19 నానోగ్రాముల మెథాంఫెటమిన్ దొరికాయి. చంపింది డ్రగ్సూ గుండెజబ్బూ అని డిఫెన్సు వాదించింది. ఆ అంకెలను జ్యూరీ దగ్గర ఎవరూ దాచలేదు. ఊపిరితిత్తుల వైద్యుడు మార్టిన్ టోబిన్ వీడియోలో ఫ్లాయిడ్ ఊపిరిని లెక్కపెట్టి చూపించాడు. నిమిషానికి 22. ఫెంటనిల్ ఊపిరిని అణిచి ఉంటే అది 10 దగ్గరికి పడిపోవాలి అన్నాడు. 2021 ఏప్రిల్ 20న మూడు నేరాల్లోనూ షావిన్ దోషి అని తేలింది. మీ కేసులో కూడా అదే పని జరగాలి. మందు ఉందని ఒప్పుకుని, చావు ఎలా వచ్చిందో ఒంటి మీది గుర్తులతో, గంటల లెక్కతో చూపించాలి.

నిజానికి మీరు ఎక్కువగా కాచుకోవాల్సిన వాదన ‘మత్తులో చచ్చాడు’ అన్నది కాదు. తెలివైన లాయరు దాన్ని పట్టుకుని వేలాడడు. ‘మత్తులో తూలి బండరాయి మీద పడ్డాడు, ఆ దెబ్బే ఇది’ అంటాడు. రిపోర్టు వాళ్లకు నిజంగా పనికొచ్చేది అక్కడ. దానికి జవాబు పోస్టుమార్టంలోని మిగతా గాయాల్లో ఉంటుంది. గుండ్రటి కర్రతో కొడితే చర్మం మీద రైలుపట్టాల్లా రెండు సమాంతర గీతలు కములుతాయి, మధ్య భాగం తెల్లగా మిగులుతుంది. దెబ్బ కాచుకోబోయినవాడికి ముంజేతుల వెలుపలి వైపు, వేళ్ల వెనుక కములుతుంది. కింద పడినవాడికి మోచేతులు, మోకాళ్లు, అరచేతులు గీరుకుంటాయి, తల వెనక్కు కొట్టుకుంటే మెదడుకు ఎదురుపక్కన కూడా దెబ్బ కనిపిస్తుంది. వీపు మీద, భుజం మీద, చేతి మీద ఏమేం రాశారో ఒక్కొక్కటే చదివించుకోండి. తల మీద ఒక్కటే గాయం, వేరే ఏమీ లేవంటే మీ కేసు చూసిన సాక్షుల మీద, దొరికిన కర్ర మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కంటితో చూసిన సాక్ష్యాన్ని వైద్య సాక్ష్యం పూర్తిగా అసాధ్యమని తేలిస్తే తప్ప పక్కన పెట్టకూడదని సుప్రీంకోర్టు 1983లో సోలంకీ చిమన్‌భాయి కేసులో చెప్పింది. ఆ సాక్షులు కూడా ఆరోజు కల్లు తాగి ఉంటారు. అంతమాత్రాన వాళ్లు సాక్ష్యానికి అనర్హులు కారు. అడిగింది అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగితే చాలు, ఎంత నమ్మాలన్నది జడ్జి చూస్తారు.

డాక్టరు బోనెక్కినప్పుడు పీపీ (మీ తరఫున వాదించే ప్రభుత్వ లాయరు) అడగాల్సినవి ముందే రాసివ్వండి. ఎముక చిట్లింది, గడ్డ కట్టింది బతికి ఉండగానా? అలాంటి గాయం మామూలుగా ప్రాణం తీయడానికి సరిపోతుందా? మందు లేకుండా గాయం ఒక్కటే ఉన్నా చనిపోయేవాడా? గాయం లేకుండా రిపోర్టులో కనిపించిన మందు ఒక్కటే ఉంటే చనిపోయేవాడని చెప్పగలరా? కర్ర చూపించి, దీనితో ఈ గాయం సాధ్యమా? చాలా కేసుల్లో రెండో ప్రశ్న అడగరు, అప్పీలులో అదే పెద్ద కన్నమవుతుంది. ‘ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు వచ్చాక తుది అభిప్రాయం’ అని డాక్టరు అప్పట్లో ఆపి ఉంటే, ఆ తుది అభిప్రాయం రాతపూర్వకంగా ఫైల్లో చేరిందో లేదో ఈ వారమే కనుక్కోండి. చేరకపోతే దర్యాప్తు అధికారి డాక్టరుకు ప్రశ్నలు రాసి పంపాలి. చార్జిషీటు వేశాక కూడా నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 193(9) కింద అదనపు దర్యాప్తు చేయొచ్చు, విచారణ నడుస్తుంటే కోర్టు అనుమతి కావాలి.

ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు అదే సంహిత 329వ సెక్షన్ కింద నిపుణుడు రాకుండానే సాక్ష్యంగా నడుస్తుంది. అంకె లేదని, సీసాలో ఏం కలిపారో తెలియదని అనుమానం ఉంటే ఆయన్ని పిలిపించమని పీపీ చేత పిటిషన్ వేయించాలి. అంకె బయటికొస్తే అది మీకు అనుకూలంగానే ఉంటుందన్న హామీ లేదు. కాబట్టి ముందు డాక్టరు అభిప్రాయం చూసుకుని, తరువాత ఆ నిర్ణయం తీసుకోండి.

ఇంకో రెండు మాటలు వాళ్లు అంటారు. మొదటిది, ‘తాగి మా మీదికొచ్చాడు, ఆత్మరక్షణ’ అని. మత్తులో ఉన్నవాడు మీద పడినా ఆత్మరక్షణ హక్కు ఉంటుంది, న్యాయ సంహిత 36వ సెక్షన్ ఆ మాటే అంటుంది. కానీ మీదపడ్డాడని చూపించాల్సిన బాధ్యత వాళ్లది, సాక్ష్య అధినియమం 108వ సెక్షన్ ప్రకారం. ఒంట్లో మందుందన్న కాగితం ఎవరు ముందు చేయెత్తారో చెప్పదు. రెండోది, ‘రోజూ తాగేవాడు, లివరు పాడైంది, అందుకే చిన్న దెబ్బకే పోయాడు’ అని. దానికి 100వ సెక్షన్ మొదటి వివరణ ఉంది. జబ్బుతో, బలహీనతతో ఉన్నవాడిని గాయపరిచి చావును ముందుకు తెచ్చినా చంపినట్టే లెక్క. అయితే ఆ బలహీనత తెలియక, మామూలు మనిషిని చంపని దెబ్బే కొట్టారని తేలితే హత్య నేరం తగ్గవచ్చు. హత్యకు 103 కింద మరణశిక్ష లేదా యావజ్జీవం. హత్య కాని నరహత్యకు 105 కింద, ప్రాణం తీయాలన్న ఉద్దేశం లేక, పోవచ్చని తెలిసి చేసిన పని మాత్రమే అయితే గరిష్ఠంగా పదేళ్లు. ఆ తేడాను తేల్చేది ఏ ఆయుధం, ఎన్ని దెబ్బలు, ఎక్కడ, ఎంత బలంగా అన్నవి. గుంటూరు ప్రాంతపు రాయవరపు పున్నయ్య కేసులో కాళ్లూ చేతుల మీదే ఎక్కువ దెబ్బలున్నా, బరువైన కర్రలతో కొట్టిన తీరు చూసి సుప్రీంకోర్టు 1976లో హత్యే అంది. 2024 జూలై 1కి ముందు జరిగిన ఘటనలకైతే ఇవే పాత ఐపీసీ సెక్షన్లతో నడుస్తాయి.

ఇప్పుడు మీరు చెప్పే సాక్ష్యం. ఈ కేసులో అన్నింటికన్నా విలువైనది మీ దగ్గరుంది. మీ తమ్ముడు పేర్లు మీకు చెప్పాడు. చనిపోయినవాడు తన చావుకు దారితీసిన సంగతి గురించి అన్న మాట సాక్ష్య అధినియమం 26(ఎ) కింద చెల్లుతుంది. అప్పుడు అతనికి చనిపోతాననే భయం ఉండాల్సిన పని కూడా లేదు. మత్తు రిపోర్టుతో డిఫెన్సు నిజంగా దెబ్బతీయాలనుకునేది ఈ మాటనే: ‘ఆ స్థితిలో ఉన్నవాడికి ఎవరు కొట్టారో ఏం తెలుసు?’ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన పాపరంబాక రోసమ్మ కేసులో 1999లో, మరణ వాంగ్మూలం మీద డాక్టరు ‘స్పృహలో ఉంది’ అని రాస్తే చాలదు, మానసికంగా సరిగా ఉందని రాయాలి అని తీర్పు వచ్చింది. 2002లో లక్ష్మణ్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం అది తప్పని తేల్చింది. సర్టిఫికెట్ లేకపోయినా, విన్న మనిషికి చెప్పేవాడు తెలివిగా ఉన్నాడని నమ్మకం కలిగి, కోర్టు దాన్ని నమ్మితే సరిపోతుంది. అంటే కోర్టు మీ కళ్లతో ఆ రాత్రిని చూడాలి. ఎనిమిదిన్నరకు గుమ్మంలోకి ఎలా వచ్చాడు, తూలాడా, చెప్పులు ఎక్కడ విడిచాడు, మిమ్మల్ని ఏమని పిలిచాడు, మాట ముద్దగా వచ్చిందా, ఏ వరసలో చెప్పాడు, మీరు అడిగిన దానికి సూటిగా బదులిచ్చాడా, నీళ్లు అడిగాడా. గుర్తున్నంత వరకు అన్న మాటలు అన్నట్టే చెప్పండి. గుర్తులేనిది గుర్తులేదనండి.

‘మా తమ్ముడు తాగడు’ అన్న మాటకు వస్తే, దాన్ని కోర్టులో మళ్లీ అనకండి. రిపోర్టు ఎదురుగా ఉండగా ఆ ఒక్క అబద్ధం పట్టుబడితే మీ తమ్ముడు చెప్పిన పేర్ల మాటను కూడా జడ్జి అనుమానంగా చూస్తారు. పోలీసులకిచ్చిన వాంగ్మూలం సాక్ష్యం కాదు, మీరు దానికి భిన్నంగా చెప్పినప్పుడు వైరుధ్యం చూపించడానికి వాడతారు. కనుక వాళ్లు అడిగే దాకా ఆగకుండా పీపీతో ముందే నిజం చెప్పి, చీఫ్‌లోనే, అంటే పీపీ మొదట ప్రశ్నించేటప్పుడే, అడిగించుకోండి: ఆరోజు కల్లు తాగాడు, పరువు కోసం పోలీసులకు లేదన్నాను. ఆ కారణం ఏ జడ్జికైనా అర్థమవుతుంది. తాగే అలవాటుంది కాబట్టి కొట్టించుకోవాల్సినవాడే అన్న వాసన వచ్చే ప్రశ్నలు వేస్తే, కేసుకు సంబంధం లేదని పీపీ అభ్యంతరం చెప్పాలి. అవమానించడానికే వేసే ప్రశ్నను ఆపే అధికారం జడ్జికి ఉంది.

      

మీరు ఇప్పుడు చేయాల్సిన పని: నాగరిక్ సురక్షా సంహితలో బాధితుడంటే చట్టబద్ధ వారసులు కూడా వస్తారు, కాబట్టి వకాలతు మీ పేరున కాక మీ అమ్మగారి పేరునో మీ మరదలి పేరునో వేయించండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇస్తుంది, 15100కు ఫోన్ చేయొచ్చు. లాయరు ద్వారా వస్తే అదే సంహిత 230వ సెక్షన్ కింద చార్జిషీటు, దాంతో పెట్టిన కాగితాల నకళ్లు ఉచితంగా మీకూ ఇవ్వాలి. పీపీకి సాయంగా మీ లాయరు ఉండటానికి కోర్టు అనుమతి అడగండి, సాక్ష్యం ముగిశాక రాతపూర్వక వాదన కూడా ఇవ్వొచ్చు. శవపంచనామా, పోస్టుమార్టం, తుది అభిప్రాయం, ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు, ఆసుపత్రి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు నమోదు), కేస్ షీటు, స్కాను తీసి ఉంటే దాని ఫిల్ము: ఈ ఏడింటిలో చార్జిషీటులో ఏవి లేవో రాసుకుని, అవి తెప్పించమని మొదటి పిటిషన్ వేయించండి. పిల్లల కోసం 396వ సెక్షన్ కింద పరిహారానికి దరఖాస్తు న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులోనే, అదే రోజు ఇవ్వొచ్చు.